సముద్రానికి ఇంటి నీళ్ళు

ఆ రోజుల్లో నేను ఆడిన బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదంటే, ఏమీ లేని నీళ్ళని ఏమీ ఇవ్వకుండా సంపాదించడం. బర్మాలోని యాంగోన్‌లో (మనవాళ్ళ రంగూన్), బోటాటౌంగ్ రేవు పక్కన, మాది ఎండుచేపల కొట్టు. ధర అడగడం, సగం చెప్పడం, వెనక్కి తిరిగి నడవడం, పిలిస్తే ఆగడం అక్షరాల కంటే ముందు నాకు వచ్చిన విద్య. ఆ విద్యే నన్ను ముంచింది, అదీ సైన్సులో.

చదువయ్యాక ఒక సయామ (అక్కడ పంతులమ్మని అలాగే పిలుస్తాం) దగ్గర పనికి చేరాను. పగడపు దిబ్బల్లో ఏయే చేపలున్నాయో, ఒక్క చేపనీ పట్టకుండా చెప్పడం ఆవిడ పని. చేప తిరిగిన చోట దాని పొలుసూ జిగురూ నీళ్ళలో రాలుతాయి. ఆ నీళ్ళు వడకట్టి, వడపోత కాగితం విదేశీ ల్యాబుకి పంపితే, అంటుకున్న డీఎన్ఏ చదివి పేర్లు చెబుతారు. (ఖాళీ గోనెసంచి వాసన చూసి నిన్న అందులో ఏముందో మా అమ్మ చెప్పేది. ఆవిడకి ఎవరూ జీతం ఇవ్వలేదు.) దక్షిణాది దీవుల్లో సొర కనబడి ఏళ్ళయిందని జాలర్లు అంటున్నారట. దాని ఆనవాలు ఒక్కటి దొరికినా, ఆ దిబ్బ దగ్గర వేట ఆపించమని అడగవచ్చని సయామ ఆశ. ఎవరిని అడగాలో ఆ ఏడాది ఎవరికీ తెలియదు, అది వేరే సంగతి.

అది సైన్యం గద్దెనెక్కితే ఊరంతా తిరగబడిన ఏడు. విమానాలు లేవు, బ్యాంకుల్లో డబ్బు లేదు, ఇంటర్నెట్టు దానికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. రాత్రి ఎనిమిదయ్యేసరికి జనం గిన్నెలు మోగించి తమ అభిప్రాయం చెప్పేవారు. అలాంటప్పుడు సయామకి ఒకే ఒక్క ప్రయాణానికి పడవ కుదిరింది. నాకు అప్పజెప్పింది చిన్న పని: సీలు వేసిన శుద్ధమైన నీళ్ళు ఆరు సీసాలు కొనడం. సముద్రపు నీటితోపాటు వీటినీ అక్కడే, అదే చేత్తో వడకడతారు. వీటిలో ఏ చేపా ఉండకూడదు. ఉందంటే అది మన చేతుల్లోంచి వచ్చినట్టు, ఆ పేరు సముద్రం జాబితాలోంచి కూడా కొట్టేయాలి.

ల్యాబు సామాన్ల కొట్టతను మూడింతల ధర చెప్పాడు. ఏమీ లేని నీళ్ళకి అంతేమిటన్నాను. ఏమీ లేకుండా చేయడానికే ఆ ఖర్చన్నాడు. నేను పద్ధతి ప్రకారం వెనక్కి తిరిగి, పద్ధతి ప్రకారం నెమ్మదిగా నడిచాను. పదో అడుగులో పిలవాలి. పదో అడుగులో షట్టరు దించిన చప్పుడు వినబడింది. (వీధి చివర సైనికుల లారీలు ఆగాయి. నా బేరం వల్ల కాదని తర్వాత తెలిసింది.) మర్నాడూ ఆ కొట్టు తెరవలేదు. సయామతో నిజం చెప్పవచ్చు. కానీ బేరం చెడిందని ఒప్పుకోవడం మా వంశంలో లేదు.

ఇంట్లో గిన్నెలన్నీ రాత్రి మోతకి సొట్టలు పడ్డాయి. ఒక్కటి మాత్రం నున్నగా ఉంది. అందులో నీళ్ళు మూడుసార్లు మరిగించి, ఉతికిన గుడ్డలో వడకట్టి, సయామ ల్యాబులోని పాత సీసాల్లో పోసి మూతలకి టేపు చుట్టాను.

"ఎవులికే ఈ నీల్లు?" అంది అమ్మ.

"సముద్రానికి."

"సముద్రానికి నీల్లు ఇంటికాడనుంచి మోత్తారేటే? మీ సయామకి సదువెక్కువైపోనాది."

ఇచ్చిన డబ్బంతా తిరిగి సయామ చేతిలో పెట్టి, తెలిసినవాళ్ళు ఊరికే ఇచ్చారన్నాను. (అమ్మ తెలిసినావిడే.) నేను లేకపోతే తన పని ఎలా సాగేదో అని ఆవిడ మురిసిపోయింది. నేనూ మురిశాను.

సయామ దీవులకి వెళ్ళి రెండు నీళ్ళూ వడకట్టి తెచ్చింది. మింగళాడోన్ విమానాశ్రయం నుంచి ఏదో ఒక విమానం ఎగిరి, వడపోత కాగితాలు వెళ్ళి, ఫలితాలు వచ్చేసరికి వానాకాలం అయిపోయింది. దీవుల దారి అప్పటికే మూసుకుపోయింది. మొదటి పేజీలో దిబ్బ చేపలు, వాటి మధ్య సొర. సయామ ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. రెండో పేజీ ఖాళీ నీళ్ళది. అది ఖాళీగా లేదు. నెత్తళ్ళు, సావిడాయిలు, కానాగంతలు, సొర. మా కొట్టులో గుమ్మం నుంచి లోపలికి అదే వరస.

ఈ నీళ్ళు ఎక్కడివని అడిగింది. చెప్పాను. కోప్పడలేదు, కోప్పడితే అక్కడితో తీరిపోయేది. పెన్సిలు తీసి, రెండో పేజీలో ఉన్న ప్రతి పేరునీ మొదటి పేజీలో కొట్టేసింది. సొర దగ్గర పెన్సిలు కాస్త ఆగింది. తర్వాత అదీ కొట్టేసింది.

ఇంటికొచ్చి ఆ గిన్నెకి సొట్టలెందుకు లేవని అడిగాను. అది ఎండుచేపలు నానబెట్టే గిన్నె, ఆ కంపుకి దాన్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి మోగించేది కాదట అమ్మ. నేను నీళ్ళు కాచడానికి ముందురోజే, పక్కింటి బాలింతకి పిట్టు చేసిపెట్టాలని అందులో ఎండుసొర నానబెట్టిందట.

"కడిగీసినాను కదే," అంది.

మరిగిస్తే పురుగు చస్తుంది గానీ చేప పేరు చావదని నాకప్పుడు తెలిసింది. ఆ సొర ఎక్కడిదన్నాను.

"దచ్చినం దీవులదే. బేరమాడి తెచ్చినాను. ఇప్పుడు రావట్లేదు."

ఇప్పుడు నేను శుద్ధమైన నీళ్ళు చెప్పిన ధరకే కొంటాను. కొట్టువాళ్ళే నన్ను అనుమానంగా చూస్తారు. ఆనాటి అమ్మాయి పదో అడుగు దాటి, పిలుపు కోసం చెవులు రిక్కించుకుని ఇంకా నడుస్తూనే ఉందనిపించి నవ్వొస్తుంది. లెక్క మాత్రం నిజాయితీగా తేల్చాలి. మిగిలింది ఆరు సీసాల నీళ్ళ ఖరీదు. పోయింది నాలుగు పేర్లు. మూడు ఏ బజారులోనైనా దొరుకుతాయి. నాలుగోది ఆ రోజు దిబ్బ దగ్గర ఈదిందో, మా అమ్మ గిన్నెలో ఈదిందో, ఇక ఎవరూ చెప్పలేరు.