దొర చేనుకంటే ముందు

మా ఊరి గురించి ఎవరడిగినా నేను గర్వంగా చెప్పేది ఒక ఆడరైతు సంగతి. అందులో నా పాత్ర అంత గొప్పది కాదు.

నారాయణఖేడ్ పక్కన మాది జాగీరు గ్రామం. శిస్తు సర్కారుకు కాక దొరకే కట్టేవాళ్ళం. అది చాలక, మృగశిర వాన పడగానే ఊరి అరకలన్నీ ముందు తన చేన్లే ఉచితంగా దున్నాలనీ, అదీ తన హక్కేననీ దొర అనేవాడు. ఊళ్ళో శిస్తు వసూలు చేసి, దొర చేన్లకు అరకలను తోలించే మాలీ పటేల్‌ని నేను. దొర పని ముగిసేసరికి మా నేలల్లో తడి ఆరిపోయేది.

నేను చెప్పే ఆడరైతు భర్త లేని మనిషి. అంతకుముందు ఏడు ఆమె ఎడ్లను కాడి విప్పించి దొర చేనుకు తోలింది నేనే. ఆమె పెసర మొలవలేదు. ఈ ఏడూ పంట పోతే ఆమె శిస్తు కట్టలేకపోతుంది. కట్టకపోతే దొర ఆ నాలుగెకరాలూ ఇంకొకరికి ఇస్తాడు. అన్నీ తెలిసే, వాన పడ్డ మర్నాడు ఆమె తన చేన్లో అరక కట్టిందని విని ఆపడానికి వెళ్ళాను.

“ముందు దొర చేను గదక్కా,” అన్నాను.

“దొరకు ఇరువై అరకలు, నాకు ఒక్కటే. ఇప్పుతె ఇప్పు పటేలా. నిరుడు ఇప్పిన చెయ్యే గద, అలవాటున్నది,” అంది. ఎడ్లను ఆపలేదు.

నాకు చెయ్యి రాలేదు. తిరిగొచ్చాను. కానీ గడీలో దొర అడిగితే ధైర్యం చాలక, “ఆమె ఎద్దు కుంటుతున్నది దొరా,” అని అబద్ధమాడాను.

ఆ మాట ఆమె చెవిన పడింది. మధ్యాహ్నం అరక విప్పి ఎడ్లను నేరుగా గడీ ముందుకు తోలుకొచ్చింది.

“నా ఎడ్లు మంచిగున్నయి దొరా, నడక చూడు. నా చేనే దున్నుకున్న. పంట పండకుంటె నీకు శిస్తు ఏడికెల్లి తెద్దు?”

దొర నా వైపు తిరిగాడు. “కుంటుతున్నదంటివి గదరా?”

ఆమె కూడా నన్నే చూస్తోంది.

“కుంటుతలేదు దొరా. నేనే దున్నుకోనిచ్చిన.”

పటేల్‌గిరీ ఆ రోజే మా చిన్నాయన కొడుక్కి పోయింది. ఆమె పంట పండింది, శిస్తు కట్టింది, చేను నిలుపుకుంది. మరుసటి మృగశిరకు తొమ్మిది అరకలు ముందు సొంత చేన్లలోనే దిగాయి. ఆ తొమ్మిదింటిలో అన్నిటికంటే ఆలస్యంగా దిగింది నాదే.