గొంతు కోసం పెట్టుకున్న అర్జీ

మాది కొత్తకోట. తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు గొంతు ఆపరేషన్‌తో నా మాట పోయింది. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవాణ్ణి. చదువు రాని నా భార్య యాదమ్మ ఆ పలక చూసి తల దించుకునేది. రానురాను రాయడం కూడా మానేశాను.

నా పాత కంప్యూటర్‌లో ఉన్నది ఎక్కడెక్కడివాళ్లో స్వచ్ఛందంగా తయారుచేసి ఉచితంగా ఇచ్చే ఆపరేటింగ్ సిస్టమ్. టైపు చేసిన తెలుగును పైకి చదివే సాఫ్ట్‌వేర్ అందులో చేర్చమని వాళ్ల వెబ్‌సైట్ పేజీలో రాశాను. "ఇది ఇంకెవరికి కావాలి?" అని ఒకరు అడిగారు. అందరూ చూసే ఆ పేజీలో "నాకు తెలిసి నేనొక్కణ్ణే" అని రాయడానికి సిగ్గేసింది, అయినా రాశాను. తర్వాత నెలల తరబడి జవాబు లేదు.

ఒక ఉదయం, చేర్చామని కబురు వచ్చింది. వెంటనే ఎక్కించుకుని "యాదమ్మా, ఇటు రా" అని టైపు చేశాను. కంప్యూటర్ పిలిచింది.

ఆమె వంటింట్లోంచి వచ్చి వాకిలి వైపు చూసింది. "ఎవలొచ్చిండ్రు?" అంది. నేను నా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను. ఆమెకు అర్థమైంది. పక్కన కూర్చుని, "గా గొంతు నీది గాదు. అయినా జర ఇంకోపారి పిలువు" అంది.

సాయం చేసిందెవరో నాకిప్పటికీ తెలియదు. ఇప్పుడు నేనూ యాదమ్మా రోజూ మాట్లాడుకుంటాం. నా అసలు గొంతు ఎలా ఉండేదో మాత్రం నేను మరిచిపోయాను. ఆమెకు గుర్తుంది.