ఏ తలుపుకీ చెందని తాళంచెవి

ఫ్లోరిడాలోని లేక్ ఒసీనా పట్టణ చరిత్ర రాసినవాళ్లు నారింజతోటలు మంచుకు మాడిపోయిన చలికాలం గురించి రాశారు, రైలు రావడం మానేసిన ఏడాది గురించి రాశారు. ఎల్డన్ ప్రూయిట్ రోజూ పొద్దున్నే పంట్లాం తొడుక్కోగానే ఎడమ నడుము తడుముకోవడం గురించి మాత్రం ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. చరిత్రశాస్త్రానికి ఇది తీరని లోటు. సామ్రాజ్యాలకు పట్టాభిషేక ముహూర్తం ఎలాంటిదో ఆ ఇంటికి ఈ తడుముకోవడం అలాంటిది. చెయ్యి నడుము దగ్గరికి వెళ్తుంది, రింగు మీద ఆగుతుంది, వేళ్లు ఒక్కొక్క తాళంచెవినీ పలకరిస్తాయి. చివరిదాన్ని తాకాక ఆయన వంటింటి వైపు తిరిగి "ఉంది" అని ప్రకటిస్తాడు. వంటింట్లో ఎవరూ ఉండరు. ఆ తర్వాతే కాఫీ.

ఉన్నది ఏమిటంటే, పోలీసు బేడీల తాళంచెవి. చిటికెన వేలంత పొడవు, నల్లటి రంగు, చివర చీమ తలకాయంత పన్ను. ఎల్డన్ పోలీసు కాడు, ఎన్నడూ కాలేదు. ఆయన మొన్నమొన్నటి దాకా ఊరి బడిలో కాపలా, ఊడ్చడం, మరమ్మతులు, అన్నీ చూసుకునే మనిషి.

బడిలో ఉన్నంతకాలం ఆయన నడుముకు గుత్తి ఉండేది. తరగతి గదులవి, బాయిలర్ గదిది, జెండా కర్ర కింది పెట్టెది, ఎవరికీ గుర్తులేని ఒక నేలమాళిగది. ఆ గలగల వినబడితే సిగరెట్లు కాల్చే పిల్లలు పారిపోయేవారు, గుసగుసలాడుకునే మేడములు గొంతు సవరించుకునేవారు. పదవీ విరమణ రోజున కేకు కోశారు. ప్రిన్సిపాల్ కుడిచేత్తో చెయ్యి కలిపి, ఎడమచేత్తో గుత్తి పుచ్చుకున్నాడు. మెడ మీంచి కాడి దించితే ఎద్దు తేలికపడుతుందంటారు. ఎద్దును అడిగినవాళ్లెవరూ లేరు. మర్నాటి నుంచీ ఎల్డన్ కొంచెం కుడివైపు ఒరిగి నడవసాగాడు. ఎడమవైపు బరువు లేకపోవడమే కారణమని డాక్టరుకు చెప్పాడు. డాక్టరు విటమిన్లు రాసిచ్చాడు.

ఇంట్లో ఉన్న తాళంచెవులు మూడు. ఇంటిది, కారుది, పోస్టు డబ్బాది. మూడు తాళంచెవులు గలగలలాడవు, గొణుగుతాయి. ఆయన భార్య వెర్లీన్ చెల్లెల్ని చూసొస్తానని జార్జియా వెళ్లింది. చాలా ఏళ్లుగా చూస్తూనే ఉంది. తగాదా ఏమీ లేదు. క్రిస్మస్‌కు కార్డు వస్తుంది, అందులో వాతావరణం గురించి ఉంటుంది.

అలాంటి దశలో ఒక ఆదివారం పాతసామాన్ల సంతలో, కత్తులూ లాంతర్లూ పరుచుకున్న ఒక గడ్డపాయన ఈ నల్ల తాళంచెవిని ఎల్డన్ అరచేతిలో పెట్టాడు.

"ఇదొక్కటి చాలు పెద్దాయనా! ఈ దేశంలో బేడీలు దాదాపు అన్నీ దీనికే తెరుచుకుంటాయి."

"దాదాపు అన్నీనా?"

"ఫ్లోరిడా నుంచి అలాస్కా దాకా."

ఒక్కొక్క తలుపుకు ఒక్కొక్క తాళంచెవి మోసిన మనిషికి ఈ మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోవలసిందే. ఏ తలుపుకీ చెందదు, ఏ ప్రిన్సిపాలూ తిరిగి అడగడు, అయినా దేశమంతా పనిచేస్తుంది. ఎల్డన్ కొన్నాడు. బెల్టు లోపలి మడతలో పెట్టి కుట్టుకున్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దొంగసొత్తు దాచినవాడికి పట్టదు కదా అనుకున్నాడు, ఆపైన అసలు ఇది దొంగసొత్తేనా అన్న సందేహం వచ్చింది. మామూలు మనిషి ఇలాంటిది దగ్గర పెట్టుకోవచ్చా?

పట్టణ గ్రంథాలయంలో గురువారాలు ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ ఒకామె ఉంది, పేరు తమీకా బ్రాడ్‌నాక్స్. ఎక్కువగా ఇంటద్దె తగాదాలు, కంచె తగాదాలు వినే మనిషి. ఎల్డన్ తలుపు వేసి, బెల్టు విప్పడం మొదలెట్టేసరికి ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"అయ్యో, కంగారుపడకమ్మా. ఇది చూపిద్దామని."

ఆమె చూసింది. "దీంతో మీరేం చేస్తారు?"

"ఉంచుకుంటాను."

"అంటే, దేనికి వాడతారు?"

"వాడను."

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

"వాడకుండా ఉంచుకోవడం చట్టబద్ధమేనా అని."

లాయరమ్మకు ఆ వారమంతటిలో ఇదే మంచి ప్రశ్న కాబోలు, వెంటనే చట్టం తీసి చదివింది. "చూడండి ఎల్డన్ గారూ. మామూలుగా దగ్గరుంటే తప్పేం కాదు. కానీ మన రాష్ట్రంలో ఒక మెలిక ఉంది. మిమ్మల్ని అరెస్టు చేశాక ఇది మీ దగ్గర దాచి ఉంటే మాత్రం పెద్ద నేరం."

"అరెస్టు చేశాక."

"అవును. అయితే పట్టుకోగానే, వాళ్లు వెతక్కముందే, నా దగ్గరుందండీ అని మీ అంతట మీరే చెప్పేస్తే బతికిపోతారు."

"చెప్పేస్తాను."

"ఇంకోటి. ఇలా బెల్టులో కుట్టుకోకండి. రింగుకు తగిలించుకొని బయటికి కనబడేలా పెట్టుకోండి. విడిగా, చాటుగా పెట్టుకుంటేనే దాచినట్టు లెక్క."

"చట్టంలో రింగు మాట ఉందా అమ్మా?"

"ఉంది."

ఎల్డన్ కళ్లు చెమర్చాయి. జీవితమంతా రింగుతో నడిచిన మనిషి, రింగు ధర్మపక్షాన ఉందని చట్టం నోట విన్నాడు. తిన్నగా క్లీటస్ వాండివీర్ ఇనపసామాన్ల కొట్టుకు వెళ్లి, ఉన్నవాటిలో పెద్ద రింగు అడిగాడు.

"నాలుగు తాళంచెవులకి ఇంత రింగా? గుర్రానికి కళ్లెం వేస్తావా ఏంటి?" అన్నాడు క్లీటస్.

"చట్టం అడిగింది."

"చట్టానికి నా కొట్లో అప్పు లేదని చెప్పు," అంటూ క్లీటస్ రింగు ఇచ్చాడు. ఊళ్లో ఎల్డన్‌తో రెండు మాటలు దాటి మాట్లాడేవాడు అతనొక్కడే, అదీ కౌంటరుకు అవతలి నుంచి.

ఇక మిగిలింది అరెస్టు కావడం. ఎల్డన్ వాక్యం తయారు చేసుకున్నాడు: "ఆఫీసర్, మీరు అడక్కముందే మనవి చేస్తున్నాను, నా దగ్గర బేడీల తాళంచెవి ఉంది, ఎడమ నడుమున, రింగుకు." గెడ్డం గీసుకునేటప్పుడు అద్దం ముందు చెప్పుకునేవాడు. "మనవి చేస్తున్నాను" అన్నది మరీ వంగినట్టుందని కొన్నాళ్లు తీసేసి, మళ్లీ చేర్చాడు. వాక్యం నానాటికీ నునుపు తేలింది. కానీ ఆయన్ను పట్టుకునేవాళ్లే లేరు. కారు నెమ్మదిగా నడుపుతాడు, గడ్డి వేళకు కోయిస్తాడు. గస్తీ కార్లు పక్కనుంచి పోతూ చెయ్యి ఊపేవి. ఆయన కూడా ఊపేవాడు, వాక్యం నోట్లోనే ఉండిపోయేది.

ఏటా వసంతంలో మెథడిస్టు చర్చివాళ్లు పేదల ఆహార నిధి కోసం ఉత్తుత్తి అరెస్టుల పండగ పెడతారు. మీకు ఎవరిమీదైనా ఆపేక్ష ఉంటే వాళ్ల పేరు చర్చిలో చెప్పాలి. నిజం పోలీసు డెప్యూటీ నిజం బేడీలతో వెళ్లి పట్టుకొస్తుంది, చర్చి ముందు కార్లు నిలిపే చోట కట్టిన చెక్కబోనులో కూర్చోబెడుతుంది. స్నేహితులు ఒక పెట్టెడు ఆహారపు డబ్బాలు తెచ్చి విడిపించుకోవాలి. ఎక్కడా రాయని నియమం ఒకటుంది, అది ఊరందరికీ తెలుసు: ఎవరు పేరు చెప్పి పట్టించారో వాళ్లే చివరికి నవ్వుకుంటూ పెట్టె మోసుకొని వస్తారు. ఎల్డన్ ఏటా దూరాన నిలబడి చూసి, హాట్‌డాగ్ తిని ఇంటికెళ్లేవాడు. ఈసారి మోకాలు నొప్పిగా ఉండి ఇంట్లోనే ఉన్నాడు.

తలుపు తట్టిన చప్పుడు ఆ ఇంట్లో ఎంత అరుదంటే, ఆయన ముందు ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి చూశాడు.

గుమ్మంలో డెప్యూటీ కినోనెస్ నిలబడి ఉంది. దిట్టమైన మనిషి, నల్లకళ్లద్దాలు. పోస్టు డబ్బా మీది పేరు వైపు ఒకసారి చూసి, "ఎల్డన్ ప్రూయిట్ గారూ! ఈ పట్టణంలో మరీ మర్యాదగా కారు నడుపుతున్న నేరానికి మిమ్మల్ని అరెస్టు చేస్తున్నా," అంది.

ఎల్డన్ నిటారుగా నిలబడ్డాడు. ఎడమవైపుకు, కుడివైపుకు ఎటూ ఒరగలేదు.

"ఆఫీసర్, మీరు అడక్కముందే మనవి చేస్తున్నాను. నా దగ్గర బేడీల తాళంచెవి ఉంది, ఎడమ నడుమున, రింగుకు."

డెప్యూటీ కళ్లద్దాలు పైకి తోసుకొని చూసింది. "నిజంగానే ఉందే! ఎందుకండీ?"

"ఉంచుకుంటాను."

"ఉంచుకోండి సార్, నాకేం?"

"మీరిది రాసుకోవాలేమో."

"మనసులో రాసుకున్నాను. పదండి, హాట్‌డాగులు అయిపోతాయి."

బేడీలు ముందువైపు వేసింది, మోకాలు చూసి. చల్లగా, బరువుగా ఉన్నాయి. కారెక్కుతూ ఎల్డన్, "నా పేరు ఎవరు చెప్పారమ్మా?" అని అడిగాడు.

"అవన్నీ నడీన్ గారు చూసుకుంటారు సార్. తల జాగ్రత్త."

దారి పొడుగునా ఆయన ఆలోచించాడు. లాయరమ్మా? బడిలో వంట చేసిన ఆవిడా? నేలమాళిగలో ఇరుక్కుంటే తను బయటికి తీసిన పిల్లాడు, ఇప్పుడు బ్యాంకులో ఉన్నాడు, వాడా? ఎవరో ఒకరు, ఏదో ఒక వంటింట్లో కూర్చొని, "ఎల్డన్‌ని పట్టిద్దాం" అనుకొని నవ్వుకున్నారు. ఆయన వెనక సీట్లో ఒక్కడే కూర్చొని ఆ నవ్వును ఒక్కొక్కరి మొహానికీ తగిలించి చూసుకున్నాడు.

బోనులో క్లీటస్ ముందే ఉన్నాడు, బేడీలతో.

"నువ్వేనా నా పేరు చెప్పింది?" ఎల్డన్ ఆశగా అడిగాడు.

"నేనా? నన్నే నా బావమరిది పట్టించాడు, ద్రోహి! వాడి పెళ్లికి నేనే సూటు కొనిచ్చాను తెలుసా?"

పండగ నడిపే నడీన్ హాబర్ట్ ఫోను తెచ్చి చేతికిచ్చింది. సన్నటి మనిషి, అందరినీ తొందరపెడుతూనే అందరికీ క్షమాపణ చెప్పే రకం. "ఒక్క ఫోన్ చేసుకోవచ్చు ఎల్డన్ గారూ. ఎవరికి చేస్తారో చెయ్యండి, త్వరగా, ఏమనుకోకండి."

ఆయనకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, బడిది. చేశాడు. శని, ఆదివారాలు బడికి సెలవని ఒక యంత్రం చెప్పింది. ఎల్డన్ చివరిదాకా విని, "ఆఁ, సరే, నిదానంగానే రండి. తొందరేం లేదు," అని ఫోను తిరిగిచ్చాడు.

ఒక్కొక్కరినే విడిపించుకుపోతున్నారు. మేయరు కోసం బీన్స్ డబ్బాలు, పళ్ల డాక్టరు కోసం కావాలని మిఠాయి సిరప్ డబ్బాలు. ఇంతలో హైవే మీద నారింజల లారీ బోల్తాపడిందని కబురొచ్చి డెప్యూటీ కారెక్కి వెళ్లిపోయింది, బేడీల తాళంచెవి ఆమె నడుముకే ఉంది. సరిగ్గా అప్పుడే క్లీటస్ బావమరిది బంధుబలగంతో, మొక్కజొన్న డబ్బాల పెట్టెతో దిగాడు.

"వదిలెయ్యండి ఖైదీని! లేకపోతే వద్దులెండి, ఇక్కడే బాగున్నాడు!"

"నోర్ముయ్‌రా! నడీన్, ఈ బేడీలు ఎవరు తీస్తారు?"

నడీన్ రోడ్డు వైపు తొంగిచూసింది. "డెప్యూటీ ఎప్పుడొస్తుందో... అయ్యో, క్షమించండి, నేను..."

ఎల్డన్ లేచి నిలబడ్డాడు. ఎందరు మహానుభావులకు తమ ఘడియ వచ్చినప్పుడు మోకాలు నొప్పి పుట్టిందో చరిత్ర చెప్పదు. "నడీన్ గారూ, ఇక్కడ అధికారం మీది. మీరు అనుమతిస్తే నా దగ్గర ఒక తాళంచెవి ఉంది."

"అనుమతేంటండీ బాబూ, తియ్యండి!"

బేడీల చేతులతోనే రింగు తీసి, నల్ల తాళంచెవిని పట్టుకొని, క్లీటస్ మణికట్టు దగ్గర పెట్టి తిప్పాడు. టక్కుమంది. ఇంకోటి కూడా టక్కుమంది. జనం చప్పట్లు కొట్టారు. హాట్‌డాగులు కాల్చేవాడు పట్టకారుతో పొయ్యి మీద వాయించాడు.

"ఆ రింగు నా కొట్లోదే! నేనే అమ్మాను!" క్లీటస్ అందరికీ చూపించి, ఎల్డన్ భుజం చరిచాడు. "నీవి కూడా తీసేసుకొని వచ్చెయ్, మా పెరట్లో పంది పక్కటెముకలు కాలుస్తున్నాం. మా ఆవిడ చేసే బంగాళదుంపల కూర తిన్నావా ఎప్పుడైనా?"

ఎల్డన్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. "లేదు క్లీటస్. నాకోసం వస్తున్నారు."

"ఎవరు?"

"పేరు చెప్పినవాళ్లు. వచ్చేసరికి నేను లేకపోతే బాగుండదు."

"అదీ నిజమేలే. మంచిది మరి," అన్నాడు క్లీటస్. వాళ్ల కార్లు హారన్లు మోగించుకుంటూ వెళ్లిపోయాయి.

బోనులో ఆయనొక్కడే మిగిలాడు. రోడ్డు మలుపు దగ్గర కారు కనబడినప్పుడల్లా కాలరు సర్దుకున్నాడు. కార్లు ఆగలేదు. పొయ్యి ఆర్పేశారు, డబ్బాలన్నీ వ్యానుకెక్కించారు. నడీన్ కుర్చీలు మడిచి మడిచి చివరికి ఆయన కుర్చీ ఒక్కటే మిగిలేసరికి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎల్డన్ గారూ, మీకోసం ఎవరు వస్తామన్నారు?"

"అది మీకే తెలియాలి కదా. నా పేరు మీకు చెప్పిందెవరో."

నడీన్ చేతిలోని కుర్చీ కింద పెట్టింది. "ఏమనుకోకండి. మీ పేరు ఎవరూ చెప్పలేదండీ. మీ వీధిలో ఉండే మందుల షాపాయన పేరు చెప్పారు, ఆయన ఊళ్లో లేడు. బోనులో కుర్చీ ఖాళీగా ఉంటే ఫోటో బాగుండదని, ఎవరుంటే వాళ్లని తీసుకురమ్మని డెప్యూటీకి నేనే చెప్పాను."

ఎల్డన్ రింగు చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత తాళంచెవితో ఒకటి, మళ్లీ ఒకటి తెరిచి, రెంటినీ కలిపి మడిచి, డెప్యూటీకి ఇవ్వమని నడీన్ చేతిలో పెట్టాడు. లేచి తన కుర్చీ తనే మడిచాడు.

డెప్యూటీ ఆ పొద్దున ఆ వీధిలో వరసగా తలుపులు తట్టుకుంటూ వచ్చింది, ఎవరూ తియ్యలేదు. ఎల్డన్ ఇంట్లో ఉన్నాడు.