నాయనమ్మ వెయ్యని తలుపు

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఏది మొదలుపెట్టినా మా ఇంట్లోవాళ్ళు అందులో సగం కొట్టేసుకుని వింటారు. న్యాయమే. నేను పిల్లి గురించి చెప్పబోతే అది పులి అవుతుంది, చినుకు గురించి చెప్పబోతే మూసీకి వరద వస్తుంది. మీరూ సగం తీసేసుకోండి. ఏ సగమన్నది చివర్లో నేనే చెబుతాను.

అప్పుడు మేము చిక్కడపల్లిలో అద్దెకుండేవాళ్ళం. నాన్న ఉద్యోగం వెంట కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. మా వాటా ఎంత ఇరుకంటే, ముందుగదిలో తాతయ్య తుమ్మితే వంటింట్లో పొయ్యి ఆరిపోయేది. ఆ ఇరుకులోనే మా నాయనమ్మ ప్రతి పౌర్ణమికీ సత్యనారాయణ వ్రతం చేసేది. ఆవిడ ప్రసాదం గిన్నెలో ఏనుగుపిల్ల స్నానం చేయవచ్చు. నేతిలో రవ్వ వేగుతుంటే ఆ వాసనకు హిమాయత్‌నగర్ హోటళ్ళవాళ్ళు సిగ్గుపడి కొట్లు కట్టేసేవారు. పొద్దున్నే కుంకుమ భరిణె పట్టుకుని ఇటు నారాయణగూడ, అటు అశోక్‌నగర్ దాకా తిరిగి, బొట్టు పెట్టి పిలిచి వచ్చేది. ప్రసాదం పదిమంది చేతుల్లో పడితేనే వ్రతం పూర్తయినట్టని ఆవిడ నమ్మకం. అందుకే చివరి మనిషి తిని వెళ్ళేదాకా వీధి తలుపు వేయనిచ్చేది కాదు.

అందరికంటే ముందు వచ్చేది పక్కింటి అక్క. పాలమూరు వాళ్ళు. "జర నిండుగ పెట్టు పెద్దమ్మా, మా తమ్మునికి గూడ," అంటూ రెండోసారి దోసిలి పట్టేది.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వీధుల్లోకి వచ్చింది. తమకు రావలసిన కొలువుల్లో మా వైపువాళ్ళు కూర్చున్నారని, చదువుకుని ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు రగిలిపోయారు. అక్క తమ్ముడూ వాళ్ళలో ఒకడు. అతని కోపం అబద్ధం కాదు, మా భయమూ అబద్ధం కాదు. ఒకరోజు తెల్లవారి చూస్తే మా గోడ మీద 'వెళ్ళిపోండి' అని బొగ్గుతో రాసి ఉంది. అక్షరాలు ఎంత పెద్దవంటే విజయవాడలో నిలబడి చదువుకోవచ్చు.

ఆ నెల పౌర్ణమికి నాయనమ్మ ఎప్పటిలాగే భరిణె పట్టుకుని బయల్దేరింది. ఆవిడ వస్తుండగానే చాలా తలుపులు మూసుకున్నాయి. పక్కింటి అక్క మాత్రం బొట్టు పెట్టించుకుంది గానీ కళ్ళు పైకెత్తలేదు.

"రానీకి కాదు పెద్దమ్మా. తమ్ముడు ఊకోడు. ఏమనుకోకు జర."

"నేనెవర్నమ్మా అనుకోవడానికి? పిలవమన్నది ఆ స్వామి, పిలిచాను," అంది నాయనమ్మ. ఇంటికొచ్చి అదే గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది. రవ్వ కొలత తగ్గించలేదు.

సాయంత్రానికి పూజ అయింది. గుమ్మంలో ఒక్క చెప్పుల జత లేదు. ఆ రోజు కర్ఫ్యూ కూడా లేదు. ఉంటే ఆ వంకైనా చెప్పుకునేవాళ్ళం. వీధి చివర నినాదాలు మొదలవగానే తాతయ్య గడియ దగ్గరకు పరుగెత్తాడు.

"తప్పుకోవే, తలుపు వేస్తాను! రాయొచ్చి పడితే నీ స్వామి అడ్డం నిలబడతాడా?"

"నిలబడకపోవచ్చు. కష్టం రాకుండా చూస్తేనే కొలుస్తానని నేనేమైనా బేరం పెట్టానా?" అని ఆవిడ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని సరిగ్గా గడప మీద కూర్చుంది. తలుపు వేయాలంటే ముందు ఆవిడను మడతపెట్టాలి. అంత ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు.

ఊరేగింపు మా ముందునుంచే సాగింది. కోటిమంది ఉంటారు. ముందు వరసలో అక్క తమ్ముడు. నాయనమ్మ పళ్ళెం కాస్త ముందుకు చాచింది. అతను చూశాడు. చూసి, మరింత గట్టిగా అరుస్తూ వెళ్ళిపోయాడు. వెనకనుంచి ఎవరు విసిరారో, ఒక రాయి మా కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. నాయనమ్మ కదల్లేదు.

వీధి ఖాళీ అయ్యాక పక్కింటి అక్క వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుని, అటూ ఇటూ చూసి దోసిలి పట్టింది. "దేవునితోని నాకేం లొల్లి పెద్దమ్మా, పెట్టు," అంది. ప్రసాదం కళ్ళకద్దుకుని, అక్కడే నిలబడి తిని వెళ్ళింది. అప్పుడు నాయనమ్మ లేచి తలుపు వేసింది.

పిల్లలకు చెప్పేటప్పుడు నేను ఇక్కడే ఆపేస్తాను.

కానీ మీకు మాటిచ్చాను. గిన్నెలో ఏనుగుపిల్ల పట్టదు, ఊరేగింపులో కోటిమంది లేరు. అవి నా నోటి దూల. నిజంగా కల్పించింది ఒక్కటే. అక్క రాలేదు. ఎవరూ రాలేదు. దీపం కొండెక్కేదాకా నాయనమ్మ గడప మీదే కూర్చుంది. మర్నాడు పులిసిపోయిన ప్రసాదం ఆవుకు పెట్టింది. పై పౌర్ణమికి మళ్ళీ భరిణె పట్టుకుని అవే గుమ్మాలకు వెళ్ళింది. గొడవలు చల్లారాక కూడా అక్క మా గడప తొక్కలేదు.

ఇప్పటికీ ఇంట్లో పూజ అయితే నేను వీధి తలుపు తీసే ఉంచుతాను. దోమలు తప్ప ఎవరూ రారని మా ఆవిడ గొణుగుతుంది. ఎందుకిలా చేశావని నాయనమ్మ పోయేదాకా దేవుణ్ణి ఒక్కమాట అడగలేదు. ఆవిడకు ఆయనొక్కడు సరిపోయాడు. నాకు సరిపోలేదు. అందుకే ఇన్నేళ్ళుగా ఆ అక్కను రప్పిస్తూనే ఉన్నాను.