జగ్గమ్మ కట్టని చీర

"ఆ కాడ వంగి పిల్ల గౌను మీద పడితే ఏం చేస్తాం అత్తా?" అంది శ్రావణి.

"పడదు. పడినా బూడిదే పడతాది," అంది జగ్గమ్మ, చేతిలోని గోగుకాడ మీంచి తల ఎత్తకుండా. "నీ మొగుడు సిన్నప్పుడు ఇలాటివి ఎన్ని కొట్టేడో. ఆడి ఒంటి మీద కాలిన మచ్చ ఉన్నాదేటి?"

"లేదే, మచ్చలన్నీ పెళ్ళయ్యాక పడ్డవే," అన్నాడు తిరుమలరావు, బంతిపూలు కూతురి ముందు కుప్పపోస్తూ.

శ్రావణి నవ్వలేదు. ఆమె శ్రీకాకుళంలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఏడేళ్ళ పైడిశ్రీకి ఒళ్ళు కాస్త వెచ్చబడితే గంటకోసారి థర్మామీటరు పెడుతుంది. మందు సీసా మీద చీమ తలంత అక్షరాలతో ఉన్నవన్నీ చదివాకే మూత తీస్తుంది. బేరియం పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదని ఆ ఏడు టపాసులు వద్దంది. అప్పుడు జగ్గమ్మే దారి చూపింది. ఎండిన గోగుకాడ చివర పాతబట్ట చుట్టి, నూనెలో నానబెట్టి, దీపావళి సాయంత్రం వెలిగించి గుమ్మం ముందు నేలకేసి కొట్టడం వాళ్ళ వైపు ఆనవాయితీ. కొట్టాక కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి తీపి తినాలి. పొగా తక్కువే, చప్పుడూ ఉండదు. శ్రావణి సగం మనసుతో ఒప్పుకుంది.

ఆమె ఉద్యోగం చేసుకోవాలంటే పిల్లని అత్త చేతుల్లో వదలాలి. వదిలిన ప్రతిరోజూ, ఈ చేతుల్ని నమ్మొచ్చా అని లోపల ఒక పురుగు తొలుస్తూనే ఉండేది.

ఆ చేతులు ముప్పై ఏళ్ళు పొందూరులో నూలు వడికినవి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, ఏకులు చేసి, రాట్నం మీద వెంట్రుకంత సన్నగా పోగు లాగేది జగ్గమ్మ. కుడిచేతి బొటనవేలి మీద పోగు ఒరిసిన చోట చర్మం ఇప్పటికీ గాజులా మెరుస్తుంది. మొగుడు పోయాక, చూపు మందగించాక, రాట్నం ఎవరికో ఇచ్చేసి కొడుకు దగ్గరికొచ్చింది. ఏ బట్ట కనిపించినా ముందు రెండు వేళ్ళతో నలిపి చూసేది. శ్రావణికి ఆ అలవాటు నచ్చేది కాదు. తన చీరల ఖరీదు కడుతున్నట్టు ఉండేది.

వరండాలో పని సాగింది. పైడిశ్రీ బంతిపూలు గుచ్చుతోంది. పువ్వు తలకిందులైన ప్రతిసారీ నాయనమ్మ "ఒసే, అది శీర్షాసనం ఏత్తన్నాదే" అని నవ్విస్తోంది. తిరుమలరావు మామిడాకులు మడిచి తోరణం కడుతున్నాడు. పోయిన మామయ్యవి రెండు పాత పంచెలు చింపితే పదిహేను కాడలకు సరిపోయాయి. ఇంకో అయిదు మిగిలాయి. నువ్వులనూనె కూడా చాలదని జగ్గమ్మ పక్కవీధి కొట్టుకు వెళ్ళింది.

అప్పుడు శ్రావణికి ఆ తెల్లచీర గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట తన మొదటి జీతంతో అత్తకు దసరాకు కొన్నది. చీటీ మీద ప్యూర్ కాటన్ అని ఉంది. జగ్గమ్మ దాన్ని కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టింది, ఒక్కసారీ కట్టలేదు. "మా చీరలు మీ అమ్మ కంటికి ఆనవులే," అని శ్రావణి మొగుడితో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఎలాగూ కట్టదు కదా అనుకుంది. చీర తెచ్చి చింపబోతే చిరగలేదు. కత్తెరతో కోసింది. అయిదు కాడలకూ చుట్టి మిగతావాటితో కలిపింది. జగ్గమ్మ వచ్చి, అన్నింటినీ ఒకేసారి నూనెలో ముంచింది. నూనెలో అన్నీ ఒకే రంగు.

మొదటి మూడు కాడలూ బాగానే కాలాయి. నాలుగోది పైడిశ్రీ నేలకేసి కొట్టగానే మండుతున్న చుక్క ఒకటి జారి పాదం మీద పడింది. పడ్డది రాలలేదు, అంటుకుపోయింది. పిల్ల కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది.

శ్రావణి నీళ్ళు గుమ్మరిస్తూనే అత్త వైపు తిరిగింది. "చంపేస్తావా నా పిల్లని? వద్దంటే విన్నావా? పైడీ, ఇంక నాయనమ్మ దగ్గరికి వెళ్ళకు. నిప్పుతో కాలుస్తుంది."

జగ్గమ్మ కింద పడ్డ కాడ తీసి, చల్లారాక, కొసను గోటితో గీకి చూసింది. దాన్ని గోడ పక్కన పెట్టి లోపలికి పోయింది.

మర్నాడు వరండా తుడుస్తుంటే శ్రావణికి ఆ కాడలు దొరికాయి. కొన్నింటి కొసన ముట్టుకుంటే రాలిపోయే బూడిద. ఒకదాని కొసన నల్లటి గట్టి ముద్ద. పాలిమర్ల పాఠంలో ఏటా ఆమె పిల్లలకు చెప్పేది అదే, నూలు బూడిదవుతుంది, పాలియెస్టరు కరిగి ముద్ద కడుతుంది. చీపురు పట్టుకునే కూర్చుండిపోయింది.

"అత్త ఆ తెల్లచీర ఎందుకు కట్టలేదు?" అని మొగుణ్ణి అడిగింది.

"నువ్వు తెచ్చిన రోజే అంచులో పోగు లాగి కాల్చి చూసింది. నూలు కాదురా అంది. కొట్టువాడు మోసం చేసేడని తెలిస్తే కోడలు నొచ్చుకుంటాది, సెప్పకు అంది."

శ్రావణి వంటింట్లోకి వెళ్ళింది. "అత్తా, ఆ బట్ట నేనే..."

"తెల్సు. నిన్ననే సూసేను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అంతమందిలో, కోడలే కాల్సిందని సెప్పమంటావా?" జగ్గమ్మ కంచం కడుగుతూ అంది. "అది పోనీ. పొద్దున గుంటకి, మన పైడికి, ముద్ద పెట్టబోతే సెయ్యి ఎనక్కి లాక్కున్నాది. ఏటే అంటే, నువ్వు కాలుస్తావంట కదా అన్నాది."

శ్రావణి కూతుర్ని కూర్చోబెట్టి తప్పు తనదేనని చెప్పింది. పైడిశ్రీ అంతా విని తలూపింది. ఆ సాయంత్రం నాయనమ్మ జడ వేస్తానంటే వెళ్ళి తండ్రి వెనక నిలబడింది. వారం రోజులైనా అంతే. పిల్ల జడుసుకుంటున్న ఇంట్లో ఉండలేనని జగ్గమ్మ కొత్తవలసలో ఉన్న కూతురు కుమారి ఇంటికి బయలుదేరింది. పాదం మీద పుండు మానింది. జగ్గమ్మ మళ్ళీ రాలేదు. ఫోన్లో పిలిస్తే, "గుంట రమ్మంటే వస్తాను" అంటుంది. పైడిశ్రీ ఫోను తీసుకోదు.

ఆమదాలవలస స్టేషన్లో అత్తను రైలు ఎక్కించిన రోజు శ్రావణి ఏడుస్తూనే ఉంది. జగ్గమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కిటికీ లోంచి ఒక్కమాట చెప్పింది. ఇప్పుడు బడిలో ఎవరు పిల్లని కొట్టినా, పనిమనిషి పాలు పొంగబెట్టినా, శ్రావణి ఆ మాట ప్రకారమే పళ్ళు బిగబట్టుకుని తెల్లారేదాకా ఊరుకుంటుంది.

"పిల్ల సెవిన పడేలా ఎవురి మీదా నేరం ఎయ్యకు. పొద్దున్న దాకా ఆగు. నీకు కోపం పోతాది గానీ, దానికి బయం పోదు."