మామ తొడిగిన గాజులు

నా చిన్నప్పుడు, ఇంకా పలకా బలపం వదలకముందే, నాకు మొగుడు ఖాయమైపోయాడు. వేరెవరో కాదు, మా అమ్మ చిన్న తమ్ముడు. మా పలమనేరు వైపు మేనకోడల్ని మేనమామ చేసుకోవడం వింతేమీ కాదు. మామ మిలిటరీలో ఉండేవాడు. ఆయన సెలవుకు వస్తున్నాడని తెలిస్తే చాలు, మా అవ్వ దగ్గర పాలకు వచ్చే ఆడవాళ్లంతా "నీ మొగుడొస్తా ఉండాడంట గదమ్మే" అని నన్ను ఆటపట్టించేవాళ్లు. నేను మూతి ముడుచుకుని లోపలికి పారిపోయేదాన్ని. లోపలికెళ్లి అద్దంలో జడ సరిచూసుకునేదాన్ని. పెళ్లంటే ఏమిటో నాకేం తెలుసు? మామ సైకిలు ముందు కమ్మీ మీద కూర్చునే హక్కు జన్మంతా నాదేననుకున్నాను, అంతే.

ఒక వేసవిలో మామ సెలవుకు వస్తూ వస్తూ పంజాబు నుంచి పెళ్లాన్ని వెంటబెట్టుకొచ్చాడు. డ్యూటీ చేసిన ఊళ్లోనే చూసి చేసుకున్నాడట. అవ్వ కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, హారతి పళ్లెం తెచ్చింది. నేను ఏడవను కూడా లేదు. కుళ్లుతో నా కడుపు రగిలిపోయింది. ఆమె ఒంటి తెలుపు చూసి కుళ్లు. ముంజేతుల నిండా ఉన్న ఎర్రగాజులు చూసి కుళ్లు. ఆమె కాల్చిన రొట్టె ఎంత మెత్తగా ఉందోనని అవ్వ మెచ్చుకుంటే, అవ్వ మీద కూడా కుళ్లే. సైకిలు వెనక ఆమె కూర్చున్నా ముందు కమ్మీ ఖాళీగానే ఉండేది. మామ రమ్మని పిలిచేవాడు. నేను పోలేదు. ఆమెను అత్తా అని పిలవమని అమ్మ ఎంత చెప్పినా నా నోరు పెగల్లేదు.

పాలకు వచ్చేవాళ్లు ఊరుకుంటారా? ఒకావిడ ఆమె ఎదుటే నా గడ్డం పట్టుకుని "ఇంగ నీ గతేం పాపా, నీ మొగుణ్ణి ఈయమ్మ తన్నుకపాయ గదా" అంది. అందరూ నవ్వారు. తెలుగు రాని ఆ కొత్తపెళ్లికూతురు ఏమన్నారని మామను అడిగింది. మామ నవ్వుతూనే చెప్పాడు. ఆమె నవ్వలేదు. చెవులు రెండూ మూసుకుంది. తర్వాత నా మొహంలోకి చాలాసేపు చూసింది. అందరికీ వేళాకోళమైనది నాకు కాదని ఆ ఇంట్లో కనిపెట్టిన మొదటి మనిషి ఆమేనని ఇప్పుడనిపిస్తుంది.

మరునాడు వాళ్లిద్దరూ కాణిపాకం వెళ్లారు. నన్నూ రమ్మన్నారు గాని, రానని గుంజ పట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం తిరిగొచ్చాక ఆమె నన్ను చెయ్యి పట్టి పెరట్లోకి తీసుకెళ్లి, పీట మీద కూర్చోబెట్టి, తన ఓణీతో నా కళ్లు కప్పేసింది. గింజుకున్నాను. ఎవరో నా చేతులు పట్టుకున్నారు. చల్లగా, తడిగా ఏవో మణికట్ల మీదికి జారాయి. పాల వాసన వేసింది. ఓణీ తీసి చూస్తే నా రెండు చేతులకూ చిన్న చిన్న ఎర్రగాజులు, పాలు కారుతూ. కాణిపాకం అంగళ్లలో కొన్నవి. తొడిగినవాడు మామ.

అప్పుడామె తన భాషలో చాలా చెప్పింది. మామ దాన్ని మా మాటల్లో పెట్టాడు. వాళ్ల వైపు నాయన అన్న తాయా, నాయన తమ్ముడు చాచా, నాయన తోబుట్టువు భూఆ, అమ్మ చెల్లెలు మాసీ. అమ్మ తమ్ముడు మాత్రం వాళ్లకూ మామే. అయితే ఆ మామను మొగుడని ఎగతాళికైనా అనరు, పాపమంటారు. పెళ్లికూతురి గాజులు పాలలో ముంచి, ఆమె చూడకుండా తొడగవలసింది ఆ మామే. ఆయన రానిదే పెళ్లి పని ముందుకు సాగదట.

"మామకు పెండ్లామొచ్చినా మేనకోడలి చెయ్యి వదలకూడదంట, ఈ గాజులకు అర్థం అదంట" అన్నాడు మామ. ఆమె తన చేతుల గాజులు చూపి ఇంకేదో అంది. మామ అదీ మా మాటల్లో చెప్పాడు. "ఈమెకూ నీమీద కుళ్లేనంట. నీ మామ నీ ముందర కూచోనుండాడు. ఈమె మామ యాడనో ఉండాడు, రైలెక్కి రోజులు రోజులు పోతేగాని కండ్లబడడు."

నామీద కుళ్లా? తల ఎత్తి చూశాను. ఆమె కళ్లనిండా నీళ్లు. అయినా కుళ్లు ఒక్క పూటలో చచ్చేది కాదు. మరునాడు పొద్దున్నే వంటింటి గడప దగ్గర నిలబడి, "అత్తా, రొట్టె పెట్టు" అన్నాను.

ఎవరిమీదైనా కుళ్లు పుట్టినప్పుడల్లా వాళ్ల కళ్లలోకి ఒకసారి చూడటం నాకు ఆనాడే అలవాటైంది. నా పెళ్లిలో మామ మా ఆచారం ప్రకారం నన్ను గంపలో పందిట్లోకి మోశాడు. దానికి ముందు, అత్త ఆచారం ప్రకారం, గాజులూ తొడిగాడు. ఆ మామ ఇప్పుడు లేడు.

మొన్న నా మనవరాలి పెళ్లిలో దాని మేనమామ, అంటే నా కొడుకు, పాలగిన్నె ముందు కూర్చున్నాడు. ముడతలు పడ్డ చేతులతో దాని కళ్లు కప్పింది మా అత్తే. చాచిన ఆ పిల్ల చేతులు చూస్తుంటే నాకు కడుపులో పాత మంట భగ్గుమంది. దానికి మామ ఉన్నాడు. నాకు లేడు. అత్త నావైపు చూసింది. పంజాబు నుంచి వచ్చిన మనిషి, ఇప్పుడు అచ్చం మా ఊరి మాటే.

"ఏమ్మే, కుళ్లుగా ఉండాదా?"

"ఉండాదత్తా. నీకు?"

"నాకూ ఉండాది" అంది, ఆ పిల్ల కళ్ల మీది ఓణీ జారకుండా సర్దుతూ.