గెష్పంట్ అంటే టెన్షన్ కాదు

మాకు జర్మన్ నేర్పిన సార్ పోయారని బుధవారం పొద్దున వాళ్లావిడ ఫోన్ చేసి చెప్పారు. గుండె ఆపరేషన్ తర్వాత కోలుకోలేదు. అప్పుడు డ్యూటీలో ఉన్నాను. ఫోన్ పెట్టేసి పేషెంటుకు సెలైన్ మార్చాను. ఏడుపు రాలేదు, తర్వాత కూడా పెద్దగా రాలేదు. ఆయన నేర్పిన ఒక మాట మాత్రం అప్పటినుంచి నోట్లో నానుతోంది.

మాది అలియాబాద్, నేను నర్సును. జర్మనీలో ఉద్యోగానికి భాష రావాలంటే నాగారంలో ఆయన ముందుగదికి వెళ్లి నేర్చుకున్నాను. కాకినాడ వైపు మనిషి. జర్మన్ యంత్రాల దగ్గర పనిచేస్తూ ఆ భాష నేర్చుకుని, రిటైరయ్యారు. ఒకసారి పరీక్ష ముందు ఎలా ఉందని జర్మన్‌లో అడిగితే, టెన్షన్‌గా ఉన్నానని చెప్పబోయి "ఇష్ బిన్ గెష్పంట్" అన్నాను.

"దేనికమ్మాయ్ అంత హుషారు?" అన్నారు.

"హుషారేంది సార్! టెన్షన్‌తోని చేతులు వణుకుతున్నయ్. పుస్తకంల 'బిగించిన' అనే రాసిండ్రు గద?"

"తాడుకైతే బిగించడమే. మనిషికైతే ఏం జరుగుతుందో చూడాలన్న ఆత్రం. నీ వణుకు చెప్పాలంటే ముందు 'ఆన్' చేర్చాలి. ఆన్‌గెష్పంట్."

ఆ ఇంట్లో గెష్పంట్‌కు రోజూ పని ఉండేది. వాళ్లావిడ కూర గిన్నె మీద మూత తీస్తుంటే ఈయన "గెష్పంట్!" అనేవారు. "అంత లేదు, వంకాయే" అనేవారావిడ. "బస్సు కోసం నిలబడితే గెష్పంట్ కాదు, అందులో సీటు దొరుకుతుందా అని చూస్తే గెష్పంట్" అని మాకు చెప్పేవారు. నాకైతే ఒక్కనాడూ సీటు దొరకలేదు. పరీక్ష మాత్రం పాసయ్యాను, అది ఆయన చలవే.

ఆపరేషన్ రోజు చూడ్డానికి వెళ్లాను. వాళ్లావిడ మందులకని కిందికి దిగారు. మంచం మీద ఆయన పైకప్పు చూస్తూ పడుకున్నారు. ఎప్పటిలా నవ్విద్దామని, "గెష్పంటా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "ముందు ఆన్ చేర్చు, అమ్మాయ్" అన్నారు.

ఎందరో పేషెంట్లకు "ఏం గాదు" అని ఊరికే చెప్పేస్తుంటాను. ఆయనకు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు. చెయ్యి పట్టుకుని స్ట్రెచర్ పక్కన నడిచాను. థియేటర్ తలుపు దగ్గర వార్డుబాయ్ ఇక చెయ్యి వదలమన్నాడు. నేను వదిలాను. ఆయన వదల్లేదు.